మోకాలి ఆపరేషన్‌కి ముందు ముక్కు పరీక్ష: నా అనుభవం

కుడి మోకాలి మార్పిడికి తేదీ ఖాయమయ్యాక రక్తపరీక్షలు, ఈసీజీ, ఎక్స్‌రేలు వరసగా అయిపోయాయి. అన్నీ అయ్యాయనుకుని లేవబోతుంటే ఒక నర్సమ్మ సన్నటి దూదిపుల్ల పట్టుకొచ్చి "అమ్మా, తల కొంచెం వెనక్కి వాల్చండి" అంది. మోకాలి ఆపరేషన్‌కి ముక్కుతో పనేమిటని అడిగాను. "కీలు మార్పిడి వాళ్లందరికీ చేస్తామమ్మా" అంది.

పుల్ల కొసని సెలైన్‌లో తడిపి ముక్కు అంచుకి కాస్త లోపల, వెంట్రుకలుండే చోట, నాలుగైదు సార్లు గుండ్రంగా తిప్పింది. అదే పుల్లతో రెండో వైపు కూడా. కరోనా పరీక్షలాగా గొంతు దాకా పోయేది కాదు. నొప్పి లేదు, కళ్లలో కాస్త నీళ్లు తిరిగాయంతే. ఇంటికొచ్చాక ఆ సంగతే మర్చిపోయాను.

మూడో రోజు రాత్రి రిపోర్టు ఫోన్‌కి వచ్చింది. 'స్టెఫైలోకాకస్ ఆరియస్, గ్రోత్ ఉంది' అని ఒక్క ముక్క. ఆస్పత్రి నుంచి ఎవరూ ఫోన్ చేయలేదు, ఏం చేయాలో చెప్పలేదు. ఇలాంటి రిపోర్టు పంపేటప్పుడు పక్కన రెండు వాక్యాలు రాస్తే ఎంత మేలో! ఆ రాత్రి నేను ఫోన్‌లో ఆ పేరు వెతికి, చీము పట్టిన గాయాల ఫొటోలు చూసి, నిద్ర లేకుండా కూర్చున్నాను. నా టెన్షన్ మోకాలి గురించి కాదు. ఇంట్లో రెండు నెలల మనవరాలు ఉంది. పుట్టినప్పటి నుంచి రోజూ నా ఒళ్లోనే నిద్రపోతుంది. దానికి ఏమైనా అంటించానా అన్న ఆలోచనే నన్ను తినేసింది.

పొద్దున్న పాపని ఇవ్వబోతే వద్దన్నాను. కోడలికి విషయం చెప్పాను. అది రిపోర్టు చూసి, "అత్తయ్యా, ఎవరైనా డాక్టర్ని అడగకుండా మనకి మనమే భయపడితే ఎలా? పదండి, అడిగొద్దాం" అని నన్ను బయల్దేరదీసింది.

సర్జన్ ఆ రోజు ఆపరేషన్లలో ఉన్నారు. ల్యాబ్‌లో మైక్రోబయాలజీ డాక్టరమ్మ దొరికారు. అది నా అదృష్టమనే అనుకుంటాను. ఆవిడ నా మొహం చూసి మొట్టమొదట అన్నమాట: "ఇది జబ్బు కాదండీ. ఆరోగ్యంగా తిరిగేవాళ్లలో కూడా పదిమందిలో సుమారు ముగ్గురి ముక్కుల్లో ఈ బ్యాక్టీరియా ఉంటుంది. కొందరిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది, కొందరిలో వస్తూ పోతూ ఉంటుంది, మిగతావాళ్లలో అసలు నిలవదు."

తర్వాత నా ముక్కులోంచి తీసింది పెరిగిన ప్లేటు దూరం నుంచి చూపించారు. మన అరచేతిలో పట్టేంత గుండ్రటి మూత డబ్బా. లోపల గులాబీరంగు జెల్లీ లాంటి పదార్థం. అందులో ఉప్పు చాలా ఎక్కువట. మామూలు సూక్ష్మజీవులు ఆ ఉప్పుకి తట్టుకోలేవు, స్టాఫ్ (స్టెఫైలోకాకస్‌ని పొట్టిగా అలా అంటారు) తట్టుకుంటుంది. గీత గీసినట్టు వరసగా గుండుసూది తలంత చుక్కలు, వాటి చుట్టూ గులాబీరంగు పోయి పసుపు అలుముకుని ఉంది. ఆ పదార్థంలో ఉన్న మానిటాల్ అనే చక్కెరని తిని ఆమ్లం వదిలితే రంగు అలా మారుతుందని చెప్పారు. నా ఒంట్లో ఇన్నాళ్లూ ఉన్నదాన్ని కళ్లతో చూస్తుంటే ఒళ్లు జలదరించింది, నిజమే. కానీ చూశాక భయం తగ్గింది. పేరు మాత్రమే ఉన్నప్పుడు అది రాక్షసిలా ఉంది, చుక్కలుగా చూశాక అది ఒక ప్రాణి, అంతే.

పేరు గురించీ చెప్పారు. 1880ల మొదట్లో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే స్కాట్లాండ్ సర్జన్ చీముని మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే ద్రాక్షగుత్తుల్లా కనిపించాయట. గ్రీకులో ద్రాక్షగుత్తిని 'స్టెఫైలే' అంటారు కాబట్టి ఆ పేరు పెట్టారు. 1884లో రోజెన్‌బాక్ అనే జర్మన్ డాక్టర్, బంగారు రంగు చుక్కల్ని బట్టి 'ఆరియస్' అని చేర్చాడు. ఆగ్‌స్టన్ సర్జన్ కావడం నాకు బాగా గుర్తుండిపోయింది. ఆపరేషన్ గాయాల్లో చీము ఎందుకు పడుతుందో తెలుసుకోవాలని వెతికిన మనిషి కదా.

మరి ముక్కులో ఊరికే ఉన్నది మోకాలికి ఎందుకు ప్రమాదం? మనం రోజుకి ఎన్నిసార్లు ముక్కు తాకుతామో మనకే తెలియదు. చేతి మీదుగా అది ఒళ్లంతా పాకుతుంది. చర్మం తెగనంత కాలం ఏమీ కాదు. కోత పెట్టగానే అదే దారి. స్టాఫ్ రక్తంలోకి వెళ్లిన రోగుల్ని జర్మనీలో పరిశీలించి 2001లో ప్రచురించారట. పదిమందిలో ఎనిమిదిమందికి పైగా రక్తంలో దొరికిన రకం, వాళ్ల ముక్కులో ఉన్న రకం ఒక్కటేనట. అంటే చాలావరకు ఇన్ఫెక్షన్ బయటినుంచి రాలేదు, తమ ముక్కు నుంచే వచ్చింది. పైగా మోకాల్లో పెట్టేది లోహం, ప్లాస్టిక్. వాటి మీద ఇది జిగురు పొరలా అతుక్కుని కూర్చుంటే యాంటీబయాటిక్ లోపలికి సరిగా చేరదు. కొందరికి పెట్టిన కీలునే తీసేయాల్సి వస్తుంది.

ఇంకో ప్లేటు కూడా చూపించారు. నా బ్యాక్టీరియా పలచటి పొరలా పరుచుకుని ఉంది. మధ్యలో బటన్ అంత తెల్లటి కాగితపు బిళ్ల, దాని చుట్టూ ఏమీ పెరగని ఖాళీ వలయం. ఆ బిళ్లలో సెఫాక్సిటిన్ అనే మందు ఉంటుందట. వలయం పెద్దగా ఉంటే మామూలు మందులకి లొంగే రకం, లేకపోతే ఎం.ఆర్.ఎస్.ఏ., అంటే మెథిసిలిన్‌కి లొంగని స్టాఫ్. మెథిసిలిన్ అనే మందు 1959లో వాడకంలోకి వస్తే, 1961లోనే దానికి లొంగని స్టాఫ్ ఇంగ్లండ్‌లో బయటపడిందట. ఆ రకం బయట ఆరోగ్యంగా తిరిగేవాళ్లలో తక్కువ, ఆస్పత్రుల్లో ఎక్కువకాలం ఉన్నవాళ్లలో, యాంటీబయాటిక్‌లు పదేపదే వాడినవాళ్లలో ఎక్కువ. ఆ మాటకొస్తే మామూలు స్టాఫ్ కూడా డయాలసిస్ చేయించుకునేవాళ్లలో, ఇన్సులిన్ తీసుకునేవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుందన్నారు. నేను పన్నెండేళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్నాను. నాది లొంగే రకమే.

అన్నీ విన్నాక నా అసలు ప్రశ్న అడిగాను. "పాపని ఎత్తుకోవచ్చా?"

"తప్పకుండా ఎత్తుకోండి. పుట్టిన కొద్ది వారాల్లోనే చాలామంది పసివాళ్ల ముక్కుల్లోకి ఇది చేరడం మామూలే. చేతులు కడుక్కుని ఎత్తుకోండి, చాలు. ఒంటి మీద పుండు గానీ సెగ్గడ్డ గానీ ఉంటే మాత్రం మూసి ఉంచండి." కోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది.

ఐదు రోజుల చికిత్స రాసిచ్చారు. మ్యుపిరోసిన్ 2 శాతం ఆయింట్‌మెంట్ రోజుకి రెండుసార్లు రెండు ముక్కుల్లోనూ, రోజూ 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ ద్రవంతో స్నానం. నెదర్లాండ్స్‌లో స్టాఫ్ ఉన్న రోగుల మీద జరిపి 2010లో ప్రచురించిన పరిశీలనలో, ఈ పద్ధతి పాటించనివాళ్లలో 7.7 శాతం మందికి స్టాఫ్ ఇన్ఫెక్షన్ వస్తే, పాటించినవాళ్లలో 3.4 శాతం మందికే వచ్చిందని చెప్పారు. ఆ లెక్క విన్నాక ఒక్క పూట కూడా మానకూడదని నిశ్చయించుకున్నాను.

మొదటి పూటే పొరపాటు జరిగింది. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు మీద మ్యుపిరోసిన్ 2 శాతం అనే ఉంది. పెట్టుకోగానే ముక్కు లోపల మంట. అది చర్మానికి రాసే రకం. మందు ఒకటే, కలిపిన జిడ్డు వేరు. ముక్కుకి రాసేది మెత్తటి పారఫిన్‌లో కలుపుతారు, చర్మానికి రాసేది పాలిఇథిలీన్ గ్లైకాల్‌లో కలుపుతారు, ముక్కు లోపలి పొరకి అది పడదు. ట్యూబు మీద 'నాసల్', అంటే ముక్కుకి వాడేది అని ఉందో లేదో చూసుకోండి. ఇది చదివేవాళ్లలో ఒక్కరికి ఈ ముక్క గుర్తున్నా నాకు సంతోషం.

సరైన ట్యూబు వచ్చాక పని తేలికే. అగ్గిపుల్ల తలంత మందు దూదిపుల్ల మీద తీసుకుని, ముక్కు ముందు భాగంలో రాసి, రెక్కలు రెండూ వేళ్లతో నొక్కి ఒక నిమిషం మర్దన చేయాలి. గొంతులోకి కొద్దిగా చేదు దిగుతుంది. రెండో వైపుకి వేరే పుల్ల.

స్నానం దగ్గరే ఓపిక కావాలి. ఆ ద్రవం సబ్బులాగా నురగ రాదు, అందుకని సరిగ్గా పట్టలేదేమోనని మొదటిరోజు రెండుసార్లు రుద్దుకున్నాను. రాసుకున్నాక వెంటనే కడగకుండా ఒకట్రెండు నిమిషాలు ఆగాలి. చంకలు, గజ్జలు, బొడ్డు, వేళ్ల సందులు వదలకూడదు. కళ్లలో, చెవుల్లో పడకూడదు. తర్వాత పౌడరు, క్రీము ఏదీ రాయకూడదు. కాలి మీద వెంట్రుకల్ని ఇంట్లో రేజర్‌తో తీయొద్దని గట్టిగా చెప్పారు, చిన్న గాట్లలోనే ఇది చేరుతుందట. రోజూ ఉతికిన తువ్వాలు, ఉతికిన బట్టలు, దుప్పటి మార్చడం. మోకాలి నొప్పితో నేను వంగలేను. ఐదు రోజులూ నా పక్క మార్చింది కోడలే, ఒక చేత్తో పాపని ఎత్తుకుని.

ఐదో రోజు చికిత్స పూర్తయింది, మర్నాడు ఆపరేషన్. కోత పెట్టేముందు గంటలోపే యాంటీబయాటిక్ ఇచ్చారు. రెండు వారాలకి కుట్లు తీశారు, గాయం పొడిగా, శుభ్రంగా ఉంది. కీలు దగ్గర ఇన్ఫెక్షన్ నెలల తర్వాత కూడా బయటపడవచ్చు కాబట్టి వాపు, వేడి, జ్వరం కనిపిస్తే వెంటనే రమ్మన్నారు. ఏమీ రాలేదు.

ఈ చికిత్సతో ముక్కు శాశ్వతంగా శుభ్రమైపోదని డాక్టరమ్మ ముందే చెప్పారు. చాలామందిలో కొన్ని వారాలకో నెలలకో మళ్లీ చేరుతుంది. ఆపరేషన్ రోజున తక్కువగా ఉండడమే కావలసింది. ఎనిమిది నెలల తర్వాత ఎడమ మోకాలి కోసం మళ్లీ స్వాబ్ తీశారు. రిపోర్టు ఫోన్‌లో వచ్చింది, మళ్లీ 'గ్రోత్ ఉంది'. పాప అప్పుడు నా ఒళ్లో కూర్చుని నా కళ్లజోడు లాగుతోంది. ఈసారి దాన్ని దించలేదు. "అమ్మాయ్, మందుల షాపుకి వెళ్తే ట్యూబు మీద నాసల్ అని ఉందో లేదో చూసి తీసుకురా" అని కోడలికి చెప్పాను.