ఐసీయూ రాత్రి తర్వాత చదివిన నవలలు

ఈ ఏడాదిలో చదివిన నవలల గురించి నాలుగు మాటలు రాసిమ్మని మా స్కూల్లో తెలుగు మేడమ్ అడిగారు. రాయడానికి కూర్చుంటే నవలల కంటే ముందు జబ్బే గుర్తొస్తోంది. రెండింటినీ విడదీయడం నా వల్ల కాలేదు, అందుకే కలిపే రాస్తున్నాను.

నేను కావలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. పోయినేడాది ఆగస్టులో విరేచనాలు పట్టుకుని తగ్గాయి. తర్వాత అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. బోర్డు దగ్గర నిలబడితే మోకాళ్లు మడుచుకుపోయేవి. షుగరేమో అన్నారు, బీ12 తక్కువేమో అన్నారు, ఒకరు బలానికని సూది కూడా వేశారు. చూస్తుండగానే మెట్లెక్కలేని స్థితి, ఆ వెంటనే మంచం దిగలేని స్థితి వచ్చాయి. నెల్లూరు తీసుకెళ్లారు. వెన్నులోంచి నీరు తీశారు, నరాలకు కరెంటు పెట్టి చూశారు, జీబీఎస్ అన్నారు. గిలియన్ బారీ సిండ్రోమ్ అని దాని పూర్తి పేరు. రోగాలతో పోరాడాల్సిన శక్తి మన నరాల మీదే పడుతుంది. కాళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుంది, ఊపిరి కండరాల దాకా వస్తే ప్రాణం మీదికొస్తుంది. ఐవీఐజీ అనే మందు కిలో బరువుకు మొత్తం 2 గ్రాముల లెక్కన, మామూలుగా 5 రోజుల్లో ఎక్కిస్తారు. రొయ్యల గుంటల కోసం మా ఆయన దాచిన డబ్బంతా దానికే పోయింది. ఆ సంగతి ఆయన ఇవాళ్టి దాకా నా దగ్గర ఎత్తలేదు.

ఈ జబ్బులో తెలివి ఎక్కడికీ పోదు. కాలు కదలదు, చెయ్యి లేవదు, చెవులు మాత్రం అన్నీ వింటుంటాయి. ఐసీయూలో ఒక సిస్టర్ వచ్చి, ఒక్క ఊపిరిలో ఒకటి, రెండు, మూడు అని ఎంతవరకు చెప్పగలనో చెప్పించేది. 20 దాటకపోతే ఊపిరి బలం తగ్గుతోందని గుర్తు. ఆ రాత్రి అంతకు ముందే ఆగిపోతున్నాను. ఇన్నేళ్లు పిల్లలకు అంకెలు చెప్పిన నోరు మధ్యలో ఆగిపోతుంటే ఏడుపొచ్చింది. ఏడిస్తే ఉన్న ఊపిరి కూడా పోతుందేమోనని దిగమింగుకున్నాను.

అర్ధరాత్రి దాటాక డ్యూటీ డాక్టర్ వచ్చాడు. ఫైలు తిప్పాడు. నా మొహం వైపు చూడలేదు. నా కాళ్ల దగ్గర నిలబడి సిస్టర్‌తో, "ఈ జీబీఎస్ కేసు తెల్లారేలోపు వెంటిలేటర్ మీదికి పోద్ది. వాళ్లాయన్ని పిలిచి డబ్బు సంగతి ఇప్పుడే మాట్లాడేయండి" అన్నాడు. ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయాడు.

అతను చెప్పింది వైద్యం ప్రకారం తప్పు కాకపోవచ్చు. ఈ జబ్బు వచ్చినవాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి వెంటిలేటర్ అవసరమవుతుందని తర్వాత తెలిసింది. అయినా నా కోపం తగ్గలేదు. నా ఊపిరి గురించిన మాట నాతో చెప్పాలి కదా! నేను అక్కడ లేనట్టే, నా మీదుగా ఇంకొకరికి చెప్పాడు. పైకప్పు చూస్తూ పడుకున్నాను. మా పాప ఇంటర్ ఫీజు, బీరువా తాళాలు ఎక్కడున్నాయో అమ్మకు చెప్పకపోవడం, ఏవేవో గుర్తొచ్చాయి. ప్రతి ఊపిరీ పని పెట్టుకుని తీసుకోవాల్సి వచ్చింది.

ఆ సిస్టర్ స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. ఆత్మకూరు వైపు పిల్ల. "భయపడబాకక్కా, నేనీడనే ఉంటా" అంది. వేరే మంచాల వాళ్లు పిలిస్తే వెళ్లి మళ్లీ వచ్చి కూర్చునేది. తెల్లవారే దాకా లెక్క అంతకంటే కిందికి దిగలేదు. వెంటిలేటర్ పెట్టలేదు. పొద్దున పెద్ద డాక్టర్ వచ్చి, జబ్బు ఎక్కడిదాకా వచ్చిందో, ఎప్పుడు తిరుగుముఖం పడుతుందో నాకే చెప్పారు. ఆయనకు చేతులెత్తి మొక్కాలనిపించింది, చేతులు లేవలేదు.

ఇంటికొచ్చాక నెలల తరబడి మంచం, వీల్‌చైర్, వాకర్. ఫిజియోథెరపీ అబ్బాయి గురించి విడిగా ఒక వ్యాసం రాయొచ్చు, అంత ఓపిక అతనిది. పరామర్శకు వచ్చిన ఒక బంధువు, "కాళ్లు రాకపోయినా ఇంట్లో ట్యూషన్లు చెప్పుకోవచ్చులే" అని ఓదార్చి వెళ్లింది. ఆ మాట విని మా అమ్మ వంటింట్లోకి పోయి ఏడ్చింది.

కందుకూరు నుంచి మా వదిన వచ్చి ఉండిపోయింది. లైబ్రరీ నుంచి నవలలు తెచ్చి చదివి వినిపించేది, పుస్తకం పట్టుకునే బలం నా వేళ్లకు లేదు గనుక. మొదట తెచ్చింది రావిశాస్త్రి గారి 'అల్పజీవి'. సుబ్బయ్య ప్రతిదానికీ భయపడే చిన్న గుమాస్తా. ఆ భయం ఎంత దగ్గరగా రాశారంటే, నాకు ఐసీయూ వాసన మళ్లీ వచ్చింది. సగంలో ఆపించేశాను. గొప్ప నవలే, కానీ మంచం మీదున్న మనిషికి ఇవ్వకండి.

'చివరకు మిగిలేది'లో దయానిధి డాక్టర్ కాబట్టి ఆశగా విన్నాను. తల్లి మీద లోకం వేసిన నింద అతన్ని ఎక్కడికి పోయినా వెంటాడుతుంది. బుచ్చిబాబు గారి వాక్యాలు అందంగా ఉంటాయి, వదిన కొన్ని రెండేసి సార్లు చదివింది. అయినా అతని మీద విసుగొచ్చింది. ఎంతసేపూ తన మనసే తవ్వుకుంటాడు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చదివి ఉంటే నచ్చేదేమో.

నా చేతులతో నేను పట్టుకుని చదివిన మొదటి పుస్తకం కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు'. చిన్న నవల, బరువుండదు. దిండు మీద ఆనించి, బొటనవేలితో పేజీ తోసుకుంటూ చదివాను. ఈనిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలాయన అడవిలోకి పోతాడు. దాదాపు ఒక్క రాత్రి కథ. చీకటి, నక్కలు, ఒంటరితనం. ప్రాణం కోసం కాపలా కాయడమంటే ఏమిటో నాకు తెలిసిన రాత్రి ఒకటుంది కాబట్టి, ఆ ముసలాయన పక్కనే నేనూ మెలకువగా కూర్చున్నాను. చదివాక తెలిసింది, ఆ రచయిత నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల మధ్య పనిచేసిన డాక్టరని. లోకం ముట్టుకోని మనుషులను రోజూ ముట్టుకున్నవాడు కాబట్టే పందులు కాసే ముసలాయన్ని అంత గౌరవంగా చూడగలిగాడని నా నమ్మకం. నా కాళ్ల దగ్గర నిలబడ్డ ఆ కుర్ర డాక్టర్ ఇది చదవాలని గట్టిగా కోరుకున్నాను, ఇప్పటికీ కోరుకుంటున్నాను.

'కాలాతీత వ్యక్తులు' రాసిన పి. శ్రీదేవి గారూ డాక్టరే. 1961లో, చిన్న వయసులోనే పోయారు. అందులో ఎవరినీ కేసులా చూడరు. పిరికివాడైన ప్రకాశానికి కూడా అతని కారణాలు అతనికి ఉంటాయి. ఇక ఇందిర! తండ్రి బరువు మోస్తూ, ఉద్యోగం చేస్తూ, ఎవరి జాలీ అడగని మనిషి. ఆమెను చదివిన వారంలోనే వాకర్ వదిలి గుమ్మం దాకా నడిచాను. నవల వల్లే నడిచానని అనను, ఫిజియోథెరపీ వల్ల నడిచాను. కానీ నడవాలన్న పంతం ఇందిరే ఇచ్చింది.

అమ్మ మొక్కు ప్రకారం పెంచలకోన వెళ్లొచ్చాం. మొహర్రంలో పక్కింటామె రొట్టెల పండుగకని నెల్లూరు బారాషహీద్ దర్గాకు తీసుకెళ్లింది. స్వర్ణాల చెరువులో నిలబడి, కొడుక్కి నయమైందని వచ్చిన ఒక తల్లి చేతి నుంచి ఆరోగ్య రొట్టె అందుకున్నాను. వచ్చే ఏడు నేను ఇంకొకరికి ఇవ్వాలి. దేవుడు ఎవరి రూపంలో వచ్చాడని అడిగితే నేను ఆ సిస్టర్‌నే చూపిస్తాను.

ఒక్క మాట మాత్రం చెప్పి తీరాలి. విరేచనాలో జలుబో తగ్గాక రెండు కాళ్లలోనూ తిమ్మిర్లు, నీరసం పైకి పాకుతుంటే బలం సూదులతో కాలం గడపకండి, వెంటనే నరాల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఐసీయూలో మీవాళ్లు కళ్లు మూసుకుని ఉన్నా, వాళ్ల మంచం దగ్గర ఏం మాట్లాడుతున్నారో చూసుకోండి.

ఇప్పుడు స్కూలుకు వెళ్తున్నాను. కాలి వేళ్లలో తిమ్మిరి పూర్తిగా పోలేదు, హెడ్‌మాస్టర్ గారు నా క్లాసులన్నీ కింది అంతస్తుకు మార్చారు. వదినకీ నాకూ ఇందిర దగ్గర పేచీ ఇంకా తెగలేదు. అదే నవలలోని కళ్యాణి విషయంలో ఇందిర మరీ కఠినంగా ఉందని వదిన వాదన. అంత బరువు మోసేవాళ్లకు మెత్తగా ఉండే వీలుండదని నా వాదన. దసరా సెలవులకు వస్తానంది, ఈసారి నేను చదివి వినిపిస్తానన్నాను.