గుడి ధర్మరాయుడిది, పండగ ద్రౌపదమ్మది

బెంగళూరులో ఉన్న మన తెలుగువాళ్ళలో చాలామందికి మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ తెలిసినంతగా పాత పేట తెలీదు. కేఆర్ మార్కెట్ దగ్గర మెట్రో దిగి, అవెన్యూ రోడ్డు దాటి నగరత్‌పేట సందుల్లో పడి వెళ్తే తిగళరపేటలో ధర్మరాయస్వామి గుడి వస్తుంది. ధర్మరాయుడంటే మన ధర్మరాజే. రాముడికీ ఆంజనేయస్వామికీ వీధికో గుడి ఉంటుంది గానీ, ధర్మరాజు పేరున గుడి అంటే చిత్తూరు వైపు వాళ్ళకి తప్ప మనలో చాలామందికి కొత్తే. ఊరంతా చెప్పుకునే కరగ పండగ జరిగేది ఈ గుడిలోనే.

మా అన్నయ్య కూతురు ఇక్కడే ఇంజనీరింగ్ చదువుతోంది. గుడి సంగతి చెప్తే మొహం మీదే అడిగేసింది. "బాబాయ్, కట్టుకున్న భార్యని జూదంలో ఒడ్డిన మనిషికి గుడేంటి, దణ్ణం ఎలా పెట్టమంటావ్?" చిన్నపిల్లవి, నీకేం తెలుసు అని కొట్టిపారేయబుద్ధి కాలేదు. నిండు సభలో ద్రౌపది అడిగిందీ ఇంచుమించు ఇదే కదా! ముందు తనని ఓడిపోయి తర్వాత నన్ను ఒడ్డాడా, లేక నన్నే ముందు ఒడ్డాడా అని. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమైనది, నేను తేల్చలేను అన్నాడు. ధర్మరాజు నోరు విప్పలేదు. తర్వాత అడవిలో యక్షుడు వరసపెట్టి అడిగినవాటికి తడుముకోకుండా జవాబులు చెప్పి, ఒక్క తమ్ముణ్ణే బతికిస్తానంటే భీముణ్ణీ అర్జునుణ్ణీ కాదని మాద్రి కొడుకు నకులుణ్ణి కోరుకున్న మనిషి, ఆ రోజు మాత్రం ఆవిడ ప్రశ్నకి తల దించుకుని కూర్చున్నాడు.

సభలో ఆ తర్వాత జరిగింది మనవాళ్ళు పెద్దగా చెప్పుకోరు. ధృతరాష్ట్రుడు వరం కోరుకోమంటే ద్రౌపది మొదట అడిగింది ధర్మరాజు దాస్యం పోవాలని, తన కొడుకు ప్రతివింధ్యుణ్ణి ఎవరూ దాసుడి కొడుకు అనకూడదని. రెండో వరానికి మిగతా నలుగురినీ విడిపించింది. మూడోది కోరుకోమన్నా వద్దంది. మునిగిపోతున్న పాండవులకి పాంచాలి పడవయ్యిందని అక్కడే కర్ణుడు అన్నాడు, పొగడాలని అన్నాడో ఎత్తిపొడవాలని అన్నాడో గానీ మాట మాత్రం నిజం.

నాకు ఈ గుడి మీద ఇంత ఇష్టం ఎందుకంటే, ఇక్కడి కొలుపులో ఆ సంగతి ఎవరూ మర్చిపోలేదు. భారతంలో చివరి ప్రయాణంలో హిమాలయాల దారిలో అందరికన్నా ముందు పడిపోయేది ద్రౌపదే. ధర్మరాజు వెనక్కి తిరిగి చూడకుండా నడిచి వెళ్ళిపోతాడు. ఈ గుడిని తమదిగా కొలిచే తిగళ కులంవాళ్ళు తరతరాలుగా చెప్పుకునే కథ సరిగ్గా అక్కడ మొదలవుతుంది. పడిపోయిన ద్రౌపది లేచేసరికి ఎదురుగా తిమిరాసురుడు. ఆవిడ ఆదిశక్తి రూపం ఎత్తి, వీరకుమారుల్ని పుట్టించి వాణ్ణి చంపించింది. అమ్మా, మమ్మల్ని వదిలి వెళ్ళొద్దని ఆ పిల్లలు ఏడిస్తే, ఏటా వస్తానని మాటిచ్చింది. ఆవిడ ఆ మాట నిలబెట్టుకోవడమే కరగ.

చైత్ర పౌర్ణమి రాత్రి చూడాలి అసలు. కరగ ఎత్తే పూజారి ఆ రాత్రికి అమ్మవారే. చీర, గాజులు, మెడలో తాళి, తల మీద కరగ అనే కుండ, అది కనపడకుండా పైన గోపురంలా పేర్చిన మల్లెపూలు. చేత్తో పట్టుకోకూడదు. చుట్టూ కత్తులు పట్టుకున్న వీరకుమారులు గోవిందా గోవిందా అంటూ వస్తుంటారు. మిద్దెల మీంచి, అరుగుల మీంచి జనం మల్లెలు చల్లుతుంటే, సందు మలుపులో ఆయన ఒక్క క్షణం ఆగి, మెడ కూడా కదపకుండా నడుం తిప్పి మళ్ళీ పరుగులాంటి నడకతో వెళ్తారు. అక్కడ నిలబడినవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. ఊరేగింపు కాటన్‌పేటలో హజ్రత్ తవక్కల్ మస్తాన్ దర్గా దగ్గర కూడా ఆగుతుంది, అది పాత ఆచారం. ఒకప్పటి సంపంగి చెరువు చాలావరకు పోయి అక్కడ కంఠీరవ స్టేడియం వచ్చింది గానీ, అక్కడ కరగకి చేసే పూజలు మాత్రం ఆగలేదు.

మన పుత్తూరు, నగరి వైపు ధర్మరాజులస్వామి గుళ్ళలో ఇంకో రకంగా చేస్తారు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. జూదం, వస్త్రాపహరణం ఆయన గుడి ముందే ఆడతారు. అర్జున తపస్సు రోజు వేషగాడు పొడవాటి మాను ఎక్కి పైనించి నిమ్మకాయలు, విభూతి విసురుతుంటే పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు కింద తడిబట్టలతో సాష్టాంగపడి ఉంటారు. చివర్లో నేల మీద పడుకోబెట్టిన పెద్ద మట్టి దుర్యోధనుడి వధ, ద్రౌపది జుట్టు ముడేసుకోవడం, సాయంత్రం అగ్నిగుండం. దేవుడి తప్పుని దేవుడి ముందే ఆడి చూపించే భక్తి ఇది. నాకైతే ఇంతకన్నా నిజాయితీగల పూజ కనపడలేదు.

అయినా ఆయన్ని ఎందుకు కొలవాలి అంటే, మా అమ్మాయికి నేను చెప్పింది స్వర్గారోహణం. ద్రోణుడి విషయంలో చేసిన మోసానికి ఆయన నరకం చూడాల్సి వచ్చిందని ఇంద్రుడే అంటాడు. ఆ కంపుదారిలో, చీకట్లో, కాసేపు ఇక్కడే ఉండు, నీ మీదుగా వచ్చే గాలి మాకు హాయిగా ఉంది అని గొంతులు వినపడతాయి. ఎవరు మీరు అంటే తమ్ముళ్ళ పేర్లు, కర్ణుడి పేరు, ద్రౌపది పేరు. హిమాలయాల్లో తిరిగి చూడని మనిషి ఇక్కడ ఆగిపోయాడు. దేవదూతతో నువ్వు వెళ్ళు, నేను రాను, నావల్ల వీళ్ళకి సుఖంగా ఉంటే నా చోటు ఇదే అన్నాడు. అది పరీక్ష అని ఆయనకి అప్పటికి తెలీదు. నేను దణ్ణం పెట్టేది ఆ మాటన్న మనిషికి.

కరగ చూడాలనుకునేవాళ్ళు ఆ రాత్రి బండి, కారు ఇంట్లోనే వదిలేయండి, పేటలో అడుగు పెట్టే చోటు ఉండదు. కరగ గుడి నుంచి బయటికి వచ్చేది అర్ధరాత్రి దాటాకే కాబట్టి చిన్నపిల్లలున్నవాళ్ళు మామూలు రోజు పొద్దున్నే వెళ్ళి, అన్నదమ్ములతో, ద్రౌపదమ్మతో కలిసి ఉన్న స్వామిని తీరిగ్గా చూసి రావడం మంచిది.