నల్ల తెర మీద అ ఆ లు

"అమ్మా, కథకి స్పెల్లింగ్ ఏంటి?" అని అడిగింది మా పాప. పన్నెండేళ్ళ పిల్ల. తెలుగు వింటే అర్థమవుతుంది. మాట్లాడితే సగం తెలుగు, సగం ఇక్కడి భాష. చదవడం మాత్రం రాదు. నేను వేరే పనిలో ఉండి, ఆలోచించకుండా చెప్పేశాను: "కే, ఏ, టీ, హెచ్, ఏ."

"అలా వెతికితే 14 దొరికాయి. అమ్మమ్మ 40 చెప్పిందన్నావుగా?"

మా అమ్మ కొన్నేళ్ళుగా ఫోన్‌లో కథలు రికార్డు చేసి పంపుతోంది. ఫోన్లు నిండిపోతాయని, మారిపోతాయని వాటిని అద్దెకు తీసుకున్న ఒక చిన్న సర్వర్‌లో దాస్తున్నాను. అది అమ్మమ్మ ఉన్న దేశంలోనూ లేదు, మేమున్న దేశంలోనూ లేదు. దానికి మౌస్ లేదు, బొమ్మలు లేవు. ఉన్నదల్లా టెర్మినల్ అనే నల్ల తెర. ఏం కావాలన్నా పేరు పెట్టి అడగాలి.

పాపని ఆ తెర ముందు కూర్చోబెట్టింది నేనే. ఎల్‌ఎస్ అంటే ఏమున్నాయో చూపించడం, సీడీ అంటే ఇంకో ఫోల్డర్‌లోకి వెళ్ళడం, ఎంవీ అంటే జరపడం లేదా పేరు మార్చడం, ఇవి ఒక్క సాయంత్రంలో పట్టేసింది. పేరుతో వెతికే ఫైండ్ కూడా నేర్చుకుంది. ఇప్పుడు ఆ ఫైండ్‌తోనే నన్ను పట్టుకుంది.

వెళ్ళి చూస్తే కథ అనే మాటని నేనే నాలుగు రకాలుగా రాసి ఉన్నాను. ఒకచోట టీ పక్కన హెచ్, ఒకచోట డీ పక్కన హెచ్, ఒకచోట ఒట్టి టీ, తొందరలో ఉన్న రోజున చివర రెండు ఏలు. అమ్మమ్మ అన్న మాటలో ఎమ్‌లు ఎన్నో నాకే లెక్క లేదు. పిల్లలకి తెలుగు రావట్లేదని కనిపించిన ప్రతివాళ్ళ దగ్గరా వాపోయే నేను, నా చేతులారా తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో పడేసి, అది కూడా ఒక పద్ధతిగా కాకుండా పడేసి, దాన్ని భద్రపరచడం అనుకున్నాను.

"తెలుగులోనే పెట్టచ్చుగా పేర్లు?" అంది పాప.

పెట్టకూడదని చెప్పబోయాను. సర్వర్‌లో ఇంగ్లీషు తప్ప వేరే పేర్లు పెడితే గొడవ అని నా ఉద్యోగపు భయం. నిజానికి ఆ సర్వర్‌ని నడిపే లినక్స్‌కి ఫైల్ పేరు ఏ భాషదో అక్కర్లేదు. దాని దృష్టిలో పేరంటే వరసగా కొన్ని బైట్లు, అంటే కంప్యూటర్ దాచుకునే చిన్న చిన్న అంకెలు. అందులో ముందుకు వాలిన గీత, సున్నా విలువ ఉన్న బైటు రాకూడదు, అంతే. ఆ మాట నాకు తెలుసు. తెలిసినా ఎప్పుడూ పెట్టలేదు.

మొదటి పేరు "అమ్మమ్మ". పాప కీబోర్డు తెలుగులోకి మార్చుకుని, ఒక్కో అక్షరం నన్నడిగి టైప్ చేసింది. ఎల్‌ఎస్ కొట్టగానే తెర మీద అమ్మమ్మ లేదు. 340, 260, 205, మళ్ళీ 340, 260, 256 అంటూ అంకెలు, మధ్యలో వెనక్కి వాలిన గీతలు. ఆ సర్వర్ భాష సెట్టింగు పాతకాలపుది, ఇంగ్లీషు తప్ప మిగతాదంతా ఇలా ఆక్టల్, అంటే ఎనిమిది లెక్కన రాసే అంకెల్లో చూపిస్తుంది. అన్ని భాషలూ చూపించగల యూటీఎఫ్-8కి మార్చేద్దామని లేచాను. "ఆగు ఆగు" అంది. కాగితం తెచ్చుకుని అంకెలన్నీ రాసుకుంది. మూడేసి అంకెల గుంపులు ఏడొచ్చాయి. ప్రతి గుంపూ 340తోనే మొదలు.

"కంటికి మూడే కదా? అ, మ్మ, మ్మ. మరి ఏడేంటి?"

నేనెప్పుడూ ఇంత తీరిగ్గా చెప్పే అవకాశం రాలేదు. అ ఒకటి. మ్మ అంటే మ, పొల్లు, మళ్ళీ మ. ఒత్తు అనేది విడిగా ఇంకో అక్షరం కాదు, పొల్లు తగిలించుకున్న హల్లు వెంట వచ్చిన హల్లే. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకిచ్చిన గదుల్లో ఏ గుర్తైనా యూటీఎఫ్-8లో మూడు బైట్లు. ఏడు మూళ్ళు 21. పొల్లు దగ్గర మాత్రం 260 పోయి 261 వస్తోందని కూడా తనే కనిపెట్టింది. తర్వాత "స్త్రీ" రాయమన్నాను. కంటికి ఒక్క అక్షరం. లెక్కేస్తే ఆరు గుర్తులు, 18 బైట్లు. ఒత్తుల గురించి నేను మూడేళ్ళుగా ఏవేవో పుస్తకాలు తెప్పించి చెప్పలేకపోయింది ఆ గుంపులు చెప్పేశాయి.

అక్కణ్ణుంచి ఊపొచ్చింది. ఒక కథకి ఏకంగా ఓ వాక్యమంతా పేరుగా పెట్టబోతే, పేరు మరీ పొడవుగా ఉందని సర్వర్ ఒప్పుకోలేదు. మా సర్వర్‌లో ఫైళ్ళు దాచే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో పేరుకి 255 బైట్లే హద్దు. ఇంగ్లీషుకి అవి 255 అక్షరాలు, మనకి 85 గుర్తులు. "ఇది అన్యాయం" అంది. కాదనలేకపోయాను. ఖాళీలు ఇంకో తంటా. పేరు మధ్యలో ఖాళీ ఉంటే, కొటేషన్ గుర్తులు పెట్టకపోతే కమాండ్ దాన్ని రెండు పేర్లనుకుంటుంది. తెలుగులో కలిపి రాస్తే సరిపోతుంది కదా అన్నాను. అలా "కలల బుట్ట" కాస్తా "కలలబుట్ట" అయింది.

ఇక నా ఘనకార్యం. పాప తన లాప్‌టాప్‌లో వినడానికి ఆర్‌సింక్ నేర్పాను. 1996 నాటి ప్రోగ్రామ్ అది, ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ రాశారు. రెండు చోట్లా ఉన్నవి పోల్చి, తేడా ఉన్నంతవరకే పంపుతుంది. దానికి డిలీట్ అనే ఆప్షన్ తగిలిస్తే, బయల్దేరే చోట లేనివి చేరే చోట కూడా తీసేస్తుంది. ఆ వారం నేను కొత్త లాప్‌టాప్ కొన్నాను. సర్వర్ నుంచి ఇటు తెచ్చుకోవాల్సింది, నిద్రమత్తులో అటూ ఇటూ తారుమారు చేసి, ఖాళీ ఫోల్డర్‌ని సర్వర్ మీదికి తోలాను, డిలీట్‌తో సహా. రెండు సెకన్లు. నల్ల తెరకి చెత్తబుట్ట ఉండదు. ముందు డ్రై రన్ పెట్టి ఏం జరగబోతోందో చూసుకోవాలని ఆఫీసులో పదిమందికి పాఠం చెప్పేది నేనే.

పాప లాప్‌టాప్‌లో 31 ఉన్నాయి. తను పేరు మార్చినవే తెచ్చుకుంది కాబట్టి, తెలుగు పేర్లున్నవి మిగిలాయి, నా ఇంగ్లీషు అక్షరాల పేర్లవి పోయాయి. ఆ 9 కథలకి మా అమ్మే బ్యాకప్. ఫోన్ చేసి విషయం చెబితే, "పోతే పోయాయిలే, మళ్ళీ చెప్తాను, నోరు పోలేదుగా" అంది. ఈసారి పాపకి తన సొంత ఖాతా, సర్వర్‌లోకి వెళ్ళడానికి సొంత ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవి పెట్టించాను. అసలు ఫోల్డర్‌లో రాసే అనుమతి నాకు తీసేసి తనకిచ్చాను. చదవడానికి మాత్రం ఇద్దరికీ ఉంది.

సెట్టింగు మార్చాక పేర్లు చక్కగా తెలుగులో, వరసగా వస్తున్నాయి. యూనికోడ్‌లో అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ మన వర్ణమాల వరసలోనే ఉంటాయి కాబట్టి, బైట్ల వరస దాదాపు అకారాది క్రమమే. పాప వర్ణమాల నేర్చుకుంది పుస్తకంలో కాదు, ఎల్‌ఎస్‌లో. మొన్న వీడియో కాల్‌లో అమ్మమ్మకి ఆ జాబితా గడగడా చదివి వినిపించింది. కలలబుట్ట, కళ్ళజోడు, కవిగాడిద...

"ఆగవే. కవి ముందు రావాలి, కళ్ళు తర్వాత. ళ ఎక్కడో హ దాటాక కదా?"

"లేదు అమ్మమ్మా. ల తర్వాత ళ, ఆ తర్వాత వ. సర్వర్‌లో అలాగే ఉంది."

ఇద్దరూ నా వైపు చూశారు. యూనికోడ్‌లో ళ నిజంగానే ల పక్కనే ఉంది, వ కన్నా ముందు. మనం బడిలో చదువుకున్న వరసలో యరలవ శషసహ అయ్యాకే ళ. ఇద్దరూ కరెక్టేనని చెప్పాను, ఇద్దరికీ నచ్చలేదు.

"మీ సర్వర్‌కి ఓ పలకా బలపం ఇచ్చి నా దగ్గరికి పంపు" అంది అమ్మ.

పాప ఏమీ అనలేదు. ఎంవీ కొట్టి, కవిగాడిదకి ముందు 1, కళ్ళజోడుకి ముందు 2 తగిలించింది. ఎల్‌ఎస్ మళ్ళీ కొడితే ఆ రెండూ జాబితా మొదట్లో, అ కన్నా ముందు వచ్చి కూర్చున్నాయి.