ఆవకాయ దాచేసిన ఇంట్లో రెండు సెలైన్ బాటిళ్లు

పోయిన మే నెలలో ఒక రాత్రి పదకొండింటికి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ పడుకోలేకపోతోంది. లేచి కూర్చుంటేనే కాస్త ఊపిరి ఆడుతోంది."

అమ్మకు 68 ఏళ్లు. గుండె పంపింగ్ 35 శాతమే ఉందని తెలిసినప్పటి నుంచి ఇంట్లో ఉప్పు తగ్గించేశాం. ఆవకాయ జాడీ నేనే అటక మీద పెట్టించాను. చప్పిడి పప్పు తినలేక అమ్మ కళ్లనీళ్లు పెట్టుకున్న రోజులు ఉన్నాయి.

తణుకు దగ్గర మా ఊళ్లో నీరసం అంటే మందు ఒకటే, సెలైన్. ఆ రోజు ఎండకి అమ్మకి అన్నం సహించలేదు, నీరసపడింది. తమ్ముడు ఇంట్లో లేడు. ఆర్‌ఎంపీ గారు వచ్చి కిటికీ చువ్వకి బాటిల్ కట్టారు. రెండు బాటిళ్లు, రెండు గంటలు.

తెల్లారేసరికి నేను హైదరాబాద్ నుంచి ఆసుపత్రికి చేరాను. ఆక్సిజన్ పెట్టి, లాసిక్స్ ఇంజెక్షన్ చేసి, నీరు బయటికి పోయేలా చేశారట. ఆయాసం తగ్గుతోంది. "సెలైన్ ఎవరు పెట్టమన్నారమ్మా?" అని డాక్టరు గారు అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

తర్వాత బాటిల్ మీద చదివాను. 0.9 శాతం ఉప్పు. అంటే అర లీటరు బాటిల్లో నాలుగున్నర గ్రాములు, రెండింట్లో తొమ్మిది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లనే రోజుకి 5 గ్రాముల లోపు తినమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆవకాయ ముక్క దక్కనివ్వని మనిషికి, దాదాపు రెండు రోజుల ఉప్పు లీటరు నీళ్లతో కలిపి రెండు గంటల్లో నరంలోకి ఎక్కించాం. బలహీనమైన గుండె అంత నీటిని తోడలేదు, అది ఊపిరితిత్తుల్లో చేరుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకీ ఈ ప్రమాదం ఉంది.

ఆర్‌ఎంపీ గారి మీద కోపం వచ్చింది. కానీ అమ్మ గుండె సంగతి మేమూ ఆయనకి చెప్పలేదు, అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. బలం కోసం పెట్టించే గ్లూకోజు బాటిల్ మాత్రం? 5 శాతం గ్లూకోజు అర లీటరులో ఉండే చక్కెర 25 గ్రాములు. సుమారు రెండు ఇడ్లీలంత శక్తి. ఆగని వాంతులు, విరేచనాలు, బీపీ పడిపోయిన స్థితి, అక్కడ సెలైన్ ప్రాణం నిలబెడుతుంది. నోటితో తాగగలిగే మనిషికి నీరసం పేరుతో అదెందుకు?

ఆసుపత్రిలో నాలుగు రోజులు అమ్మ చేతులే చూస్తూ కూర్చున్నాను. మందుల కోసం పెట్టిన సూది రెండో రాత్రి నరం దాటి బయటికి వచ్చేసింది. చెయ్యి బూరెలా పొంగింది, ముట్టుకుంటే చల్లగా ఉంది. సిస్టర్ వెంటనే మందు ఆపి, సూది తీసి, రెండో చేతికి పెట్టారు. పొటాషియం, కాల్షియం లాంటివి అలా బయటికి కారితే చర్మం కుళ్లిపోవచ్చు, మంట అనగానే పిలవమని ఆవిడ చెప్పారు. మూడో రోజుకి ఆ రెండో చేతిమీద నరం వెంబడి ఎర్రటి గీత, వేడి, నొప్పి. నరం వాచిందట. అదీ తీసేశారు. చీము పట్టి జ్వరం, చలి వస్తే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకే ప్రమాదం ఉందన్నారు. ట్యూబులో చిన్న గాలి బుడగ చూసి తమ్ముడు టెన్షన్ పడ్డాడు. అంత చిన్న బుడగతో మామూలుగా ఏమీ కాదని, ఎక్కువ గాలి పోతే ప్రమాదమని, అందుకే ముందే గాలి తీసేసి పెడతామని ఆవిడ ఓపిగ్గా చెప్పారు.

అమ్మ ఇంటికొచ్చాక కూడా మణికట్టు దగ్గర నరం గట్టిగా తాడులా చాలా వారాలు తగిలింది. ఇప్పుడు ఆవిడ సంచీలో, మందుల చీటీ వెనకాల, పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను: "గుండె పంపింగ్ తక్కువ. సెలైన్ పెట్టేముందు మా డాక్టరు గారికి ఫోన్ చేయండి." ఫోన్ నంబరు కింద రాశాను. అదే కాగితం ఇంకొకటి ఆర్‌ఎంపీ గారికి నేనే వెళ్లి ఇచ్చాను. ఆయన చదివి, జేబులో పెట్టుకుని, "ఈసారి నేనే అడుగుతానమ్మా" అన్నారు.