ఆ మీటరుకి ఫ్లోరైడు తెలీదు

"చూడన్నా, నూట ఎనభై!" పొద్దున కనిగిరిలో ప్రచారానికొచ్చిన ఒకాయన ఆర్వో ప్లాంటు నీళ్ల గ్లాసులో టీడీఎస్ మీటరు ముంచి చూపిస్తా ఉన్నాడు. జనం చప్పట్లు.

ఆ మీటరు నీళ్లలో కరిగిన ఉప్పులన్నిటికీ కలిపి ఒక అంకె చెప్తుంది, అంతే. 180 చూపించిన నీళ్లలోనూ లీటరుకి 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉండొచ్చు. మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన హద్దు 1, వేరే దిక్కు లేకపోతే 1.5. కాచితే పోయేది కాదది, ఇంకా చిక్కబడుద్ది. ఫ్లోరైడుకి విడిగా పరీక్ష చేయించాల్సిందే.

ఇద్దరు అభ్యర్థుల్ని పోల్చాలంటే ఎవరెన్ని ప్లాంట్లకి రిబ్బను కత్తిరించారో లెక్కబెట్టబాకండి. నీళ్లని వడగట్టే పొర, అదే మెంబ్రేన్, పోయాక మార్చడానికి డబ్బులెవరు పెట్టారు? ప్లాంటు వడగట్టి బయటికి తోసేసే రిజెక్టు నీళ్లు ఎటు పోతున్నాయి? బోరు పక్కనే వదిలితే ఆ ఫ్లోరైడు మళ్లీ భూమిలోకే గదా. చివరి పరీక్ష కాగితం మీద తేదీ ఎప్పటిది?

ఈ ప్రాంతానికి కృష్ణా నీళ్లు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకి 1996లోనే శంకుస్థాపన అయింది. ఫలకాల సంగతి వదిలేసి, ఎవరి హయాంలో ఎంత కేటాయించారు, ఎంత ఖర్చయింది, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. నిర్వాసితుల పరిహారం పద్దు కూడా మర్చిపోబాకండి.

అభ్యర్థి నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్, ఫారం 26లో ఆస్తులుంటాయి, కేసులుంటాయి. ఊరి తాగునీళ్లకి ఏం చేశారో రాసే గడి మాత్రం లేదు.