సిగ్నల్ దగ్గర ఇంజను ఆగితే మంచిదేనా?

కొత్త కారు కొన్న బంధుమిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. సిగ్నల్ దగ్గర బండి నిలవగానే ఇంజను దానంతటదే ఆగిపోయి, బయలుదేరబోయేసరికి మళ్లీ స్టార్టవుతోంది కదా, ఇలా రోజూ జరిగితే సెల్ఫ్ పాడవదా, బ్యాటరీ దిగిపోదా అని వాళ్ల సందేహం. షోరూముల్లో ఈ సంగతి ఓపికగా వివరించేవారు తక్కువ. అందువల్ల ఎవరో చెప్పిన మాట పట్టుకుని, బండి ఎక్కీ ఎక్కగానే 'ఏ' అక్షరం చుట్టూ బాణం గుర్తున్న బటన్ నొక్కి ఆ సదుపాయాన్ని ఆపేయడం చాలామందికి అలవాటైపోయింది. నా అభిప్రాయంలో ఈ భయాల్లో సగం పాత బళ్ల అనుభవం నుంచి వచ్చినవే, ఇప్పటి బళ్లకు అవి వర్తించవు. మిగిలిన సగం మాత్రం మన ఎండలకూ మన రద్దీకీ సంబంధించిన నిజమైన ఇబ్బందులు. వాటిని విడదీసి చూస్తే ఆ బటన్ ఎప్పుడు నొక్కాలో, ఎప్పుడు దాని జోలికి పోకూడదో తేలికగానే తెలుస్తుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1974లోనే టొయోటా తన క్రౌన్ కారులో, బండి నిలిచిన కొద్ది క్షణాలకు ఇంజను ఆపే ఏర్పాటు చేసి చూసింది. ఆ తరువాత 1980లలో ఫోక్స్‌వాగన్, ఫియట్ కంపెనీలు తమ ప్రయత్నాలు తాము చేశాయి. మన దేశంలో మహీంద్రా మైక్రో హైబ్రిడ్ పేరుతో తెచ్చింది. 2015లో మారుతీ సియాజ్ కారులో డైనమోనే సెల్ఫ్‌గా కూడా వాడుకునే పద్ధతి వచ్చింది. మోటారు సైకిళ్లలో హీరో కంపెనీ ఐ3ఎస్ అనే పేరుతో 2014లో స్ప్లెండర్‌లో పెట్టినప్పటి నుంచి మధ్యతరగతి ఇళ్లలోనూ ఇది పరిచయమే. న్యూట్రల్‌లో నిలిచిన బండి ఇంజను తనంతట తాను ఆగిపోవడం, క్లచ్ నొక్కగానే చప్పుడు చేయడం చూసి మొదట్లో కంగారుపడినవారు ఇప్పుడు దాన్ని పట్టించుకోవడమే మానేశారు.

లాభం సంగతి మొదట చూద్దాం. ఓ మోస్తరు పెట్రోలు కారు కదలకుండా నిలబడి ఇంజను తిరుగుతూ ఉంటే, ఏసీ లేకుండా కూడా గంటకు అర లీటరుకు పైగా తాగుతుంది; ఏసీ వేస్తే లీటరు దరిదాపుల్లోకి వెళ్తుంది. ఆ ఇంధనమంతా ఒక్క అడుగు ముందుకు పడకుండానే పొగగా పోతుంది. ఇంజను మళ్లీ స్టార్ట్ చేయడానికి ఎక్కువ పెట్రోలు ఖర్చవుతుందని మనవాళ్లలో గట్టి నమ్మకం ఉంది. అది కార్బురేటర్ల కాలం నాటి మాట. అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల పరీక్షించి చూసి, పది సెకన్లకు మించి ఆగేటట్టయితే ఇంజను తిరుగుతూ ఉంచడం కన్నా ఆపి మళ్లీ స్టార్ట్ చేయడమే తక్కువ ఖర్చని తేల్చింది. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా రోజూ ఆఫీసుకు వెళ్లివచ్చే వ్యక్తి బండి రోజు మొత్తం మీద ఇరవై నిమిషాలు ఇంజను ఆగి ఉందనుకుంటే, మిగిలేది దాదాపు 200 మిల్లీలీటర్లు. హైదరాబాదులో పెట్రోలు లీటరు వంద దాటి చాలాకాలమైంది కనుక, నెలకు పాతిక పనిదినాల మీద అది అయిదు వందల రూపాయల పైమాటే. ఎండాకాలంలో ఏసీ వల్ల ఇందులో సగమే దక్కుతుందనుకున్నా ఏడాదికి మూడు వేలు మిగులుతాయి. హైవే మీద విజయవాడకో వరంగల్‌కో వెళ్లేవారికి మాత్రం దీనివల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు.

డబ్బు కన్నా నాకు ముఖ్యంగా తోచేది గాలి. పంజాగుట్ట చౌరస్తాలో ఎర్రదీపం పడినప్పుడు అద్దాలు ఎత్తుకుని లోపల కూర్చున్న మనకు ఏమీ తెలియదు; మన కారు వెనక గొట్టానికి మూరెడు దూరంలో స్కూటర్ మీద బిడ్డను ముందు నిలబెట్టుకుని ఆగిన తల్లికీ, ఎనిమిది గంటలు అక్కడే నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్‌కూ తెలుస్తుంది. 2020 అక్టోబరులో ఢిల్లీ ప్రభుత్వం ఎర్రదీపం పడితే ఇంజను ఆపండని పెద్ద ప్రచారమే నడిపింది. మనిషి గుర్తుంచుకుని చేయవలసిన ఆ పనిని బండి మరచిపోకుండా చేస్తోంది. ఈ ఒక్క కారణం చాలు, పొడవైన సిగ్నళ్ల దగ్గర దీన్ని ఆపవద్దని నేను అందరికీ గట్టిగా చెప్పడానికి.

ఇక సెల్ఫ్ పాడవుతుందనే భయం. ఈ సదుపాయంతో వచ్చే బళ్లలో సెల్ఫ్ మోటారు మామూలుది కాదు. ఎన్నో రెట్లు ఎక్కువసార్లు తిప్పేందుకు తగ్గట్టుగా దాని బ్రష్షులు, గేరు గట్టిగా తయారు చేస్తారు. బెల్టు ద్వారా డైనమోయే ఇంజనును తిప్పే బళ్లలో ఆ కటకట శబ్దం కూడా వినిపించదు. ఇంజను అరుగుదల కూడా తెల్లవారుజామున చల్లటి ఇంజను స్టార్ట్ చేసినప్పుడే ఎక్కువ. వేడెక్కిన ఇంజను నిమిషం పాటు ఆగితే బేరింగుల మీది ఆయిల్ పొర పూర్తిగా జారిపోదు. ఇంజను తగినంత వేడెక్కేదాకా ఈ సదుపాయం అసలు పని మొదలుపెట్టదు కూడా. అందుచేత ఈ విషయంలో బెంగ అవసరం లేదు.

బ్యాటరీ మాత్రం నిజంగా ఆలోచించవలసిన విషయం. ఇంజను ఆగి ఉన్నంతసేపూ దీపాలు, బ్లోయర్, పాటలు, వైపర్లు అన్నీ బ్యాటరీ మీదనే నడుస్తాయి. ఆపైన సెల్ఫ్ కొట్టాలి. సాధారణ బ్యాటరీ ఇలా పదే పదే దిగి ఎక్కడానికి తయారైనది కాదు. అందుకే ఈ కార్లలో ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకం బ్యాటరీలు వేస్తారు. మొదటిది మామూలు బ్యాటరీకే బలపరిచిన రూపం; రెండోదానిలో పలకల మధ్య గాజునూలు దిండ్లు ఆమ్లాన్ని పీల్చుకుని ఉంటాయి. ధర కూడా దానికి తగ్గట్టే ఎక్కువ. మా బావగారి కారుకు మూడేళ్ల తరువాత బ్యాటరీ మార్చవలసి వచ్చినప్పుడు, ఇంటికి దగ్గరలోని ఒక దుకాణంలో "సైజు అదే, ఆంపియర్లు అవే, ధర మాత్రం తక్కువ" అని మామూలు బ్యాటరీ బిగించి పంపారు. వారం తిరగకముందే సిగ్నళ్ల దగ్గర ఇంజను ఆగడం మానేసింది. ఆయన దానికి సంతోషించారు కూడా. ఏడాది తిరిగేసరికి ఒక ఉదయం బండి అసలు స్టార్ట్ కాలేదు. నేను వెళ్లి బానెట్ ఎత్తి చూస్తే, మైనస్ టెర్మినల్ మీద ఉండవలసిన చిన్న సెన్సారు వైరు ఊడదీసి, ఇన్సులేషన్ టేపు చుట్టి పక్కన వదిలేసి ఉంది. బ్యాటరీలో ఎంత ఛార్జి ఉందో, ఎంత వేడిగా ఉందో ఎప్పటికప్పుడు కొలిచి కంప్యూటరుకు చెప్పేది ఆ సెన్సారే. దాన్ని తీసేస్తే బ్యాటరీకి ఎప్పుడు ఎంత ఛార్జి ఎక్కించాలో బండికి తెలియదు. చాలా కార్లలో కొత్త బ్యాటరీ వేసినప్పుడు స్కానరు పెట్టి ఆ సంగతి కంప్యూటరులో నమోదు చేయించాలి కూడా. ఈ పనిని రెండు వేలు మిగులుతాయని వదులుకుంటే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

ఇక్కడే ఉపయోగపడే ఒక సంగతి చెప్పాలి. ఎప్పుడూ చక్కగా ఆగే ఇంజను కొన్ని వారాలుగా సిగ్నళ్ల దగ్గర ఆగడం లేదంటే, చాలాసార్లు అది బ్యాటరీ బలహీనపడిందనడానికి మొదటి సూచన. సెల్ఫ్ నీరసంగా తిరగడానికి ఎంతో ముందే ఇది బయటపడుతుంది. బటన్ నొక్కి సదుపాయాన్ని శాశ్వతంగా ఆపేసుకున్నవారికి ఈ ముందస్తు హెచ్చరిక అందదు.

మన ప్రాంతానికి అన్నిటికన్నా పెద్ద చిక్కు ఏసీ. మామూలు పెట్రోలు, డీజిల్ కార్లలో ఏసీ కంప్రెసరును తిప్పేది ఇంజను బెల్టే కనుక, ఇంజను ఆగితే కంప్రెసరూ ఆగుతుంది. బ్లోయర్ మాత్రం వీస్తూనే ఉంటుంది. మొదటి అరనిమిషం లోపలి కూలింగ్ కాయిల్‌లో మిగిలిన చల్లదనంతో గడిచిపోతుంది. ఆ తరువాత ఆ కాయిల్ రేకుల మీద పట్టిన నీరు ఆవిరై గాలిలో కలుస్తుంది. ముఖానికి జిగటగా, తడిబట్ట వాసనతో గాలి తగలడం మొదలవుతుంది. మే నెల మధ్యాహ్నం, వెనక సీట్లో ముసలివాళ్లో పసిపిల్లలో ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. లోపల వేడి పెరగగానే బండి తానే ఇంజను స్టార్ట్ చేస్తుంది, నిజమే. కానీ అప్పటికే అసౌకర్యం మొదలై ఉంటుంది. కాబట్టి ఎండాకాలం పగటిపూట ఆ బటన్ నొక్కి సదుపాయాన్ని ఆపేయడంలో తప్పేమీ లేదు. దసరా నుంచి శివరాత్రి దాకా మాత్రం అలా ఆపేయడానికి నాకు కారణం కనబడదు. గ్రాండ్ విటారా, హైరైడర్, హోండా సిటీల పూర్తి హైబ్రిడ్ (ఇంజనుతో పాటు కరెంటు మోటారుతోనూ నడిచే) రకాల్లో కంప్రెసరు కరెంటుతో నడుస్తుంది కనుక ఇంజను ఆగినా చల్లదనం తగ్గదు. ఈ ఆలోచనకు పూర్తి న్యాయం జరిగింది ఆ బళ్లలోనే.

రెండో చిక్కు నత్తనడక ట్రాఫిక్. ముందు బండి రెండు గజాలు కదిలి ఆగుతుంది, మళ్లీ గజం కదులుతుంది. అక్కడ ఇంజను ఆగడం వల్ల లాభం లేదు, ఎందుకంటే ఆగిన అయిదారు సెకన్లకే మళ్లీ స్టార్ట్ కావాలి. ముందు ఏముందో బండికి తెలియదు, నడిపేవారికి తెలుసు. ఆటోమేటిక్ బళ్లలో చాలావాటిలో బ్రేకు మెత్తగా నొక్కి పట్టుకుంటే ఇంజను ఆగదు, గట్టిగా నొక్కితేనే ఆగుతుంది. నాలుగు రోజులు నడిపితే పాదానికి ఆ తేడా తెలిసిపోతుంది. గేరు బళ్లలో న్యూట్రల్ చేసి క్లచ్ వదిలితేనే ఇంజను ఆగుతుంది. మనలో చాలామంది సిగ్నల్ దగ్గర ఫస్టు గేరులో క్లచ్ తొక్కిపట్టి నిలబడతారు. అలాంటివారి బండిలో ఈ సదుపాయం ఉన్నా లేనట్టే, పైగా క్లచ్ బేరింగు త్వరగా అరుగుతుంది. న్యూట్రల్ చేసుకోవడం అలవాటైతే ఎడమకాలికీ విశ్రాంతి.

వానాకాలంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. రోడ్డు మీద నీళ్లు నిలిచినచోట దిగే ముందు ఈ సదుపాయాన్ని ఆపేయాలి. ఇంజను తిరుగుతున్నంతసేపు సైలెన్సర్ నుంచి వచ్చే పొగ నీటిని బయటికి నెడుతూ ఉంటుంది. నీళ్ల మధ్య ముందు బండి ఆగిందని మన ఇంజను ఆగిపోతే ఆ నీరు గొట్టంలోకి ఎక్కే ప్రమాదం ఉంది. ఇంటి ముందు ఆపినప్పుడు కూడా చప్పుడు లేదు కదా అని ఇగ్నిషన్ ఆపకుండా దిగిపోయేవారున్నారు. బండి హెచ్చరిస్తుంది, కానీ ఆ బీప్ శబ్దాన్ని నమ్ముకోకుండా మీటర్లో దీపాలు ఆరాయో లేదో చూసుకుని దిగడం మేలు.

ఒకసారి ఆపేస్తే ఆగి ఉండకుండా ప్రతిసారీ బటన్ నొక్కమంటారెందుకు అని కొందరు విసుక్కుంటారు. కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు ఇంధన వాడకం మీద మన దేశంలో 2017 నుంచి ఉన్న నియమాలు 2022 తరువాత మరింత బిగిశాయి. పరీక్షలో వచ్చిన మైలేజీ ఈ సదుపాయం పనిచేస్తుండగా కొలిచినది కనుక, బండి స్టార్ట్ చేసిన ప్రతిసారీ అది పనిచేసే స్థితిలోనే మొదలవుతుంది. దీన్ని తప్పించడానికి వైర్లు కత్తిరించి చిన్న పరికరాలు బిగించే దుకాణాలు వెలిశాయి. వారంటీ ఉన్న బండి వైరింగులో బయటివారి చేయి పడనివ్వడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. బటన్ నొక్కడానికి పట్టేది ఒక్క క్షణం.

సెకండ్ హ్యాండులో ఇలాంటి కారు కొనేవారు బానెట్ ఎత్తి బ్యాటరీ మీద ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం అని రాసి ఉందో లేదో, మైనస్ టెర్మినల్ మీద సెన్సారు వైరు తగిలించి ఉందో లేదో చూడాలి. ఆపైన ఏసీ కట్టేసి, ఇంజను బాగా వేడెక్కేదాకా నడిపి, సీటు బెల్టు పెట్టుకుని సమతలంగా ఉన్నచోట ఆగి చూడాలి. రెండు మూడు చోట్ల ఆపినా ఇంజను ఆగకపోతే, బేరం మాట్లాడేటప్పుడు కొత్త బ్యాటరీ ఖర్చును లెక్కలో వేసుకోవాలి.