గొట్టం ఉంది, పుల్ల లేదు

ఇరవై ఏళ్లు దాటిన నా జర్మన్ కారు ఈ మధ్య రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు చిన్నగా కుదుపు ఇస్తోంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ చూద్దామని బానెట్ ఎత్తాను. గొట్టం కనిపించింది. ప్లాస్టిక్ పిన్ను విరిచి మూత తీస్తే లోపల ఆయిల్ మట్టం కొలిచే పుల్ల, డిప్‌స్టిక్కే లేదు! అది మెకానిక్ దగ్గర ఉండే పనిముట్టట. కొన్నవాడు తన గేర్‌బాక్స్‌లోకి తొంగి చూడకూడదన్నమాట.

పుల్ల తెప్పించి, ఇంజిన్ ఆపి ముంచాను. ఆయిల్ గుర్తులను దాటి ఎంతో పైకి అంటింది. కొంత తోడేద్దామని సిరంజి కూడా సిద్ధం చేసుకున్నాను. ఎందుకో అనుమానం వచ్చి ముందు మాన్యువల్ తెరిచాను, బతికిపోయాను. ఇంజిన్ ఆగితే టార్క్ కన్వర్టర్‌లోని (ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఆయిల్ గేర్‌బాక్స్ అడుగున ఉండే పాన్‌లోకి దిగి, మట్టం ఎక్కువగా కనిపిస్తుంది. చూడవలసింది చదునైన నేల మీద, గేరు పార్క్‌లో, ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ 80 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు.

అరగంట నడిపి వచ్చి మళ్లీ ముంచాను. ఈసారి కింది గుర్తు కూడా తడవలేదు. తెల్లటి గుడ్డకు తుడిస్తే ఎరుపు పోయి గోధుమరంగు మరక. మాడు వాసన మాత్రం లేదు, అదే ఊరట. సన్నని గరాటుతో 100 మిల్లీలీటర్ల చొప్పున పోస్తూ, ప్రతిసారీ చూశాను. ఎక్కువైతే ఆయిల్ నురగెత్తుతుంది, అదో కొత్త తలనొప్పి.

కుదుపు చాలావరకు తగ్గింది. విరగ్గొట్టిన పిన్నుకు బదులు కొత్తది ఇంకా రాలేదు. మూతకు టేపు చుట్టి తిరుగుతున్నాను.